పునాది: కాంక్రీటు, గట్టిది

మా ఊళ్ళో దొంగలు ఇటుకలు ఎత్తుకుపోతారు. ఇది అందరికీ తెలిసిందే. సెయింట్ లూయిస్ ఉత్తరం వైపు ఏదైనా ఖాళీ ఇంటి ముందు ఓ గంట కదలకుండా నిలబడితే, మనిషిని కూడా విడగొట్టి, మట్టి దులిపి, వరసగా పేర్చి, తాడు కట్టి లారీ ఎక్కించేస్తారు. కానీ పునాది పోయిందని ఫిర్యాదు రావడం మాత్రం మా ఆఫీసు చరిత్రలో అదే మొదటిసారి.

గురువారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఆ ఫిర్యాదు వచ్చి నా బల్ల ముందు కూచుంది. పేరు మిస్ వర్డెల్ ఓక్స్. వయసు అరవై ఒకటి. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. ఒళ్ళో ఒక ఫైలు, ఫైలు మీద రెండు చేతులు.

"నా ఇంటి పునాది ఎవరో పట్టుకుపోయారు నాయనా," అంది.

"ఎంత పోయిందండి?"

"మొత్తం."

మాది ఫీజు తీసుకోని వకీళ్ళ ఆఫీసు. ముగ్గురు వకీళ్ళు, ఒక పాడైన కాఫీ యంత్రం, నేను. వాళ్ళు కోర్టులో వాదిస్తారు, నేను వీధుల్లో కూపీ లాగుతాను. అందుకే పునాది కేసు నా నెత్తిన పడింది.

"మొదట్నుంచీ చెప్పండి మిస్ వర్డెల్."

"మార్సో వీధిలో కాలిపోయిన ఇల్లు కొన్నాను. పాతది, నూట ముప్పై ఏళ్ళది. కొని బాగు చేయించుకోడానికి గవర్నమెంటు పూచీ ఉండే లోను ఉంది చూడు, అది తీసుకున్నా. కాలిన గోడలు పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చన్నారు. ఒకటే షరతు. పాత పునాదిలో కొంతైనా చోటు కదలకుండా ఉండాలి. ఉంటే అది పాత ఇంటిని బాగుచేసినట్టు. లేకపోతే కొత్త ఇల్లు కట్టినట్టు. కొత్త ఇంటికి ఈ లోను రాదు."

నాకు ఆ రూల్సు కంఠతా వచ్చు. ఇల్లు కట్టి ఏడాది దాటాలి. నాలుగు కాపురాలకి మించి ఉండకూడదు. ఇంకో విచిత్రం ఏంటంటే, ఇంటిని అమాంతం ఎత్తి, చక్రాల మీద ఊరేగించి, వేరే చోట కొత్త పునాది మీద దించినా లోనిస్తారు. ఇల్లు నడిచొస్తే పర్లేదు. ఉన్నచోటే ఉండి పునాది పోగొట్టుకుంటేనే పాపం.

"మొన్న సోమవారం బ్యాంకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు," అంది మిస్ వర్డెల్. "నీమాయర్ అని. సెల్లార్లోకి దిగి చూస్తే నాలుగు వైపులా కొత్త సిమెంటు ఇటుకలే. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి 'అర్హత లేదు' అని రాసేస్తాడట. అది రాస్తే బ్యాంకు లోను మొత్తం వెనక్కి అడుగుతుంది. ఇల్లు పోతుంది. నేనుంటున్న అద్దె ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసేశా. మా చెల్లెలి సోఫా మీద పడుకుంటున్నా నాయనా. నా చలికోట్లు ఆవిడ బాత్రూము తలుపుకి వేలాడుతున్నాయి."

ఫైలు నా వైపు తోసింది. తెరిచాను. మూడో పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

లోను ఇవ్వక ముందు ఒక మనిషి ఇంటికెళ్ళి, సెల్లార్ దిగి, అటకెక్కి, ఉన్నదున్నట్టు రాయాలి. ఆ రాతనిబట్టే లోను, ఆ రాతనిబట్టే మేస్త్రీ పని. ఆ పేజీలో ఇలా ఉంది. పునాది: కాంక్రీటు, గట్టిది. కింద కె.పి. అని రెండక్షరాలు. పక్కన ఎర్రటి సాస్ మరక, బొటనవేలంత.

నా పేరు కెల్విన్ ప్రూయిట్. అక్షరాలు నావి. బొటనవేలు కూడా నాదే.

పోయినేడు వేసవిలో ఫెల్కర్ అనే ఆయన దగ్గర పనిచేశాను. ఇళ్ళు చూసి రాసే లైసెన్సు ఆయనది, కాళ్ళు నావి. పదకొండు వారాల్లో నలభై ఒక్క ఇళ్ళు చూశాను. చూశాను అంటే కారు ఆపి, అద్దం దించి చూశాను. పంది ముట్టె కరకరలాడేలా కాల్చి, సాస్‌లో ముంచి, రొట్టెలో పెట్టి అమ్మే కొట్టు ఒకటుంది. అది చల్లారితే చెప్పు అట్టలా తయారవుతుంది. వేడి మీదే తినాలి. కాబట్టి తింటూ రాసేవాణ్ణి. ఆ విద్యలో నేనెంత ఆరితేరానంటే, కిటికీ తెరల రంగు చూసి పునాది మందం చెప్పేవాణ్ణి. ఆ పదకొండు వారాల్లో నేను దిగిన సెల్లార్లు లెక్కపెట్టడానికి వేళ్ళు అక్కర్లేదు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచాను కూడా. "నేను చూసుకుంటాను మిస్ వర్డెల్," అన్నాను. సిగ్గు ముందు చెవుల్లో మొదలవుతుందని ఆ పూటే తెలిసింది. రెండూ కాలుతున్నాయి.

"నీ మొహం చూస్తే నమ్మకం కలుగుతోంది నాయనా," అంది ఆవిడ.

చెవుల నుంచి మెడకి దిగింది.

"రాళ్ళు ఎప్పుడు పోయాయో తెలుసా?" అన్నాను, ఫైలు మూసేసి.

"ఎందుకు తెలీదు? నా బస్సు ఆ వీధి మీంచే వెళ్తుంది. పొద్దున ఏడూ యాభై రెండుకి, సాయంత్రం నాలుగూ పదిహేడుకి దాటతాను. పోయిన నెల పదో తారీకు సోమవారం సాయంత్రం రాళ్ళున్నాయి. మంగళవారం సాయంత్రానికి రెండు పక్కల గోడలూ లేవు. బుధవారం సాయంత్రానికి వెనకది కూడా లేదు."

"ముందుది?"

"ముందు మట్టి కుప్ప పోశారు. కనపళ్ళేదు."

"మేస్త్రీని అడగలేదా?"

"బస్సు ఎలా తోలాలో ప్రయాణికుడు చెప్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని అడగలేదు." బల్ల అంచుని వేలితో రాస్తూ, "అడగాల్సింది," అంది చిన్నగా. తప్పు తనదన్నట్టు తల దించుకుంది. నా ఎదురుగా, నా ఫైలు ముందు, ఆవిడ తల దించుకుంది.

*

పదకొండూ అయిదుకి ఇద్దరం మార్సో వీధికి చేరాం. సెల్లార్ పైన కొత్త చెక్క నేల వేశారు, గోడలు నడుమెత్తు లేచాయి. మేస్త్రీ హోవిస్ తిరగేసిన బకెట్ మీద కూచుని సోడా తాగుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మోచేతుల దాకా సిమెంటు.

"ఏ హైస్కూలు తమ్ముడూ?" అన్నాడు నన్ను చూడగానే.

మా ఊళ్ళో శవం మీద దుప్పటి కప్పేముందు కూడా ఈ ప్రశ్న అడుగుతారు. చెప్పాను. ఆయన మొహంలో నాకు పది మార్కులు తగ్గాయి.

"పాత పునాది ఏమైంది హోవిస్ గారూ?"

"ఏ పునాది?"

"ఇంటి కింద ఉండేది. మామూలుగా అక్కడే ఉంచుతారు."

మిస్ వర్డెల్ మూతి ముడిచి నవ్వాపుకుంది. హోవిస్ నవ్వలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. నా కాగితం నకలు.

"చదువు. గట్టిగా చదువు, ఆవిడక్కూడా వినపడాలి."

"పునాది, కాంక్రీటు, గట్టిది," అన్నాను.

"ఏముంచమన్నారు? కాంక్రీటు ఉంచమన్నారు. నేను దిగి చూస్తే కాంక్రీటన్నది ఎక్కడా లేదు. అంతా సున్నపురాయి, మధ్యలో పిండైపోయిన సున్నం. ఈ వీధిలో నూట ముప్పై ఏళ్ళ ఇంటికి కాంక్రీటు పునాది ఎక్కడైనా ఉంటుందా? మా అమ్మమ్మకి కూడా తెలుసు, ఇక్కడ పునాదంటే రాయే. రాసిన వెధవ ఎవడో గానీ, వాడు ఈ ఊరివాడైతే కాదు."

"అయ్యుండడు," అన్నాను.

"ఉంచమన్నది లేనే లేదు. ఇంక దేన్ని ఉంచను? రాళ్ళు తీసి పారేశా."

"పారేశారా, అమ్మారా?"

"ఊరి బయట బంగళాల వాళ్ళు పూలమళ్ళ చుట్టూ పేర్చుకుంటారు. పారేస్తే ఏం లాభం?"

మిస్ వర్డెల్ ఒక అడుగు ముందుకేసింది. "మరి ఫోన్ చేసి అడగొచ్చుగా హోవిస్? కాంక్రీటు లేదు, రాయి ఉంది, ఏం చెయ్యమంటారని?"

"ఫెల్కర్ ఆఫీసుకి మూడుసార్లు చేశానమ్మా. ఎవరూ ఎత్తలేదు. మీకు చేస్తే మీరు బస్సులో ఉన్నారు. నా కూలీలు నిలబడి ఉన్నారు. కాగితం ఉంది కదా అనుకున్నా." గడ్డం గోక్కున్నాడు. "తప్పే. కాదనను. కానీ ఆ కాగితమే సరిగ్గా ఉంటే ఒక్క రాయి ముట్టుకునేవాణ్ణి కాదు. ఒట్టు."

ఇప్పటిదాకా నేను కాగితం మీద ఒక అబద్ధం రాశాననుకుంటున్నా. ఆ అబద్ధం వెళ్ళి, లారీ తీసుకొచ్చి, పునాది తవ్వి, అమ్ముకొచ్చింది.

నోట్‌బుక్ తీశాను. చేతులకి ఏదో పని కావాలి.

"ఎన్ని ట్రిప్పులు తోలారు?"

"పది."

"మంగళవారం ఎన్ని?"

"ఎనిమిది. రెండు పొడుగు గోడలు, ఒక్కోదానికి నాలుగు."

"బుధవారం?"

"రెండు. వెనక గోడకి."

"ముందు గోడ కూడా వెనక గోడంతే కదా. ఇరవై అడుగులు. దానికి రెండు ట్రిప్పులు కావాలి. మొత్తం పన్నెండవ్వాలి."

హోవిస్ సోడా డబ్బాలోకి చూశాడు.

"ముందు గోడ ఎక్కడుంది హోవిస్ గారూ?"

"నాలుగూ తీశా."

"పది ట్రిప్పుల్లో నాలుగు గోడలు పట్టవు. లారీ కడుపుబ్బి చచ్చిపోతుంది."

"తమ్ముడూ, నా లైసెన్సు..."

"హోవిస్," అంది మిస్ వర్డెల్. అంతే అంది. వెనక సీట్లో రచ్చ చేసేవాణ్ణి అద్దంలో చూసి పేరు పెట్టి పిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

హోవిస్ డబ్బా కింద పెట్టాడు. "ముందు గోడ జోలికి పోలేదమ్మా. దాని అవతల, కాలిబాట కింద, పాతకాలపు బొగ్గుల గది ఉంది. కాలిబాట బరువంతా ఈ గోడమీదే ఆనుకుంది. గోడ తీస్తే కాలిబాట కూలుద్ది. సిటీ వాళ్ళ పర్మిషను కావాలి, దానికి నాలుగు నెలలు. అందుకని రాతిగోడ ఉన్నది ఉన్నట్టే వదిలేసి, లోపలి వైపు సిమెంటు ఇటుకలు కట్టి మూసేశా. సిటీ వాళ్ళు చూస్తే పని ఆపేస్తారని ఎవరికీ చెప్పలేదు."

మిస్ వర్డెల్ నా మోచెయ్యి పట్టుకుంది. "అంటే పాత గోడ ఉందా? చోటు కదలకుండా?"

"ఉందమ్మా. దేవుడి మీద ఒట్టు."

"దేవుడు బ్యాంకు ఫారం మీద సంతకం పెట్టడు," అన్నాను. "సమ్మెట ఎక్కడుంది?"

*

నేను ఫోన్ చేస్తే నీమాయర్ ఒకటీ ఇరవైకి వచ్చాడు. యాభై అయిదేళ్ళ మనిషి, దక్షిణం వైపు జర్మన్ల పేటవాడు. చొక్కాకి ఇస్త్రీ ఎలా ఉందంటే, దాని మడతతో రొట్టె కొయ్యొచ్చు. ఇద్దరం ఇంతకుముందు నాలుగు కేసుల్లో తలపడ్డాం. నాలుగూ ఆయనే గెలిచాడు. ఓ కేసులో ఆయన కారు తలుపు పిడికి తేనె పూశాను. జేబురుమాలుతో తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. దానివల్ల కూడా నేనే ఓడిపోయినట్టయింది.

"ప్రూయిట్," అన్నాడు. "సెల్లార్ సోమవారమే చూశాను. నాలుగు గోడలూ తట్టి చూశా, కొలిచా, ఫోటోలు తీశా."

"చూసింది ఇటుకల్ని నీమాయర్ గారూ. ఇటుకల వెనక చూశారా?"

"గోడల వెనక చూసే కళ్ళు బ్యాంకు ఇవ్వలేదు."

ఆయన సంచి విప్పి మోకాళ్ళకి తొడుగులు కట్టుకున్నాడు. గోడ నిలువు చూసే తూకం గుండు, టేపు, టార్చి తీశాడు. ఆ మోకాళ్ళ తొడుగులు అరిగిపోయి ఉన్నాయి. ఎన్ని సెల్లార్లలో పాకితే అలా అరుగుతాయో నాకు తెలీదు. నా ప్యాంటు మోకాళ్ళు మాత్రం పెళ్ళికొడుకు ప్యాంటులా మెరుస్తున్నాయి.

కిందకి దిగాం. ముందు గోడ దగ్గర హోవిస్ వేలితో చూపించాడు. సమ్మెట నేను తీసుకున్నా. మొదటి దెబ్బకి గోడకేమీ కాలేదు, నా భుజం మాత్రం రాజీనామా ఇచ్చింది. రెండో దెబ్బ దగ్గర హోవిస్ జాలిపడి సమ్మెట లాక్కున్నాడు. నాలుగు దెబ్బల్లో ఒక ఇటుక లోపలికి పడిపోయింది. రెండు, మూడు, ఆరు. మనిషి దూరేంత కంత పడింది.

నీమాయర్ టార్చి వేశాడు. చెయ్యి దూరంలో రాతిగోడ. పెద్ద పెద్ద సున్నపురాళ్ళు, పైన వందేళ్ళ తెల్లసున్నం, సున్నం మీద బొగ్గు నుసి. మధ్యలో బొగ్గుల గది గుమ్మం, దాని పైనున్న ఇనుప కమ్మీ తుప్పుపట్టి ఉంది.

ఆయన కంతలోంచి భుజాలు దూర్చి, లోపలికి పాకి, ఆ రెండు గోడల సందులో పన్నెండు నిమిషాలు ఉన్నాడు. టేపు జరజరమనడం, గోడ మీద తట్టడం వినపడింది. బయటికి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా మసి గుడ్డయింది.

"ఇరవై అడుగుల పొడుగు. ఇరవై అంగుళాల మందం. నిట్టనిలువుగా ఉంది. పాతదే. చోటు కదల్లేదు."

మెట్ల మీద నిలబడిన మిస్ వర్డెల్ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది.

"అయితే రాసెయ్యండి," అన్నాను. "మూడింటిదాకా ఎందుకు?"

"రాయలేను."

"ఎందుకు?"

నీమాయర్ ఫైలు తీశాడు. మూడో పేజీ. ఎర్ర మరక. "ఇది లోను ఇచ్చిన రోజు కాగితం. పునాది కాంక్రీటు అని ఉంది. నేను ఇవాళ రాయి అని రాస్తే, పై ఆఫీసులో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక ఇంటికి రెండు పునాదులుండవు. అప్పుడేమంటారు? పరీక్ష చేసినవాడు కాంక్రీటు చూశాడు, ఆ కాంక్రీటు తీసేశారు, మీరు చూపించే రాయి సిటీ కాలిబాటది, ఇంటిది కాదు అంటారు. ఇంటి పునాది రాతిదే అని తేలాలంటే, ఈ కాగితం తప్పని తేలాలి. తప్పని రాసినవాడే చెప్పాలి. ఫెల్కర్ దుకాణం మూసేశాడు, ఫోనెత్తడు. సెల్లార్లోకి వెళ్ళినవాడు ఇంకొకడు."

పేజీని టార్చి వెలుగులో పెట్టాడు.

"కె.పి.," అన్నాడు. "నీ ఇంటి పేరు ప్రూయిట్. ముందు పేరేంటి?"

ఇన్నాళ్ళూ ప్రశ్నలడగడం నా వృత్తి. ప్రశ్న ఎదురు తిరిగితే ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఈ ఊళ్ళో కె.పి.లు నలభై వేలమంది ఉంటారు నీమాయర్ గారూ. మొన్న ఒక కుక్కని చూశా, అది కూడా కె.పి.నే."

నీమాయర్ పేజీ పైనున్న తేదీ మీద వేలు పెట్టాడు.

"పోయినేడు వేసవిలో ఎక్కడ పనిచేశావు?"

"అక్కడా ఇక్కడా."

"జూన్ పంతొమ్మిది, మధ్యాహ్నం పన్నెండూ పది. ఎక్కడున్నావు?"

"గుర్తులేదు."

"ఈ మరక ఏంటి?"

గుర్తుంది. ఆ రోజు సాస్‌లో కారం ఎక్కువైంది, ముక్కు కారింది. అంత బాగా గుర్తుంది.

"కెల్విన్," అంది మిస్ వర్డెల్ మెట్ల మీంచి. నాయనా అనలేదు. "ఆయన అడుగుతున్నాడు. చెప్పు."

టైము రెండూ ఎనిమిది. నేను నోరు మూసుకుంటే నన్నెవరూ ఏమీ చెయ్యలేరు. రెండక్షరాలతో ఎవర్నీ పట్టుకోలేరు. మూడింటికి ఈ ఇల్లు పోతుంది, అంతే. ఆవిడ కోట్లు ఇంకో చెల్లెలి బాత్రూము తలుపు వెతుక్కుంటాయి.

"నేనేనండి," అన్నాను. "ఆ అక్షరాలు నావి. ఫెల్కర్ దగ్గర పనిచేశా. ఈ ఇంటి సెల్లార్లోకి నేను దిగలేదు. ఇవాళే మొదటిసారి దిగాను. బయట కార్లో కూచుని కాంక్రీటు అని రాశాను."

హోవిస్ ఈలవెయ్యబోయి ఆపుకున్నాడు. "ఆ వెధవ నువ్వేనా తమ్ముడూ?"

"నేనేనండి."

"ఈ ఊరివాడివే కదా?"

"ఈ ఊరివాణ్ణే."

నీమాయర్ ఖాళీ కాగితం, పెన్ను ఇచ్చాడు. బకెట్ మీద కూచుని రాశాను. ఎప్పుడు వచ్చాను, ఎక్కడ కారు ఆపాను, ఏం చూడలేదు. 'ఏం చూడలేదు' దగ్గర చోటు సరిపోక వెనక్కి తిప్పి రాశాను. ఈసారి రెండక్షరాలు కాదు, పూర్తి పేరు. రెండూ ముప్పై అయిదుకి నా సంతకం పడింది. రెండూ యాభై రెండుకి నీమాయర్ తన ఫారం మీద 'అర్హత ఉంది' అని రాసి, మిస్ వర్డెల్ చేతికి నకలు ఇచ్చాడు.

ఆవిడ రెండుసార్లు చదువుకుంది. మడిచి లోపలి జేబులో పెట్టుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నా. కొడితే బావుండునని కూడా అనుకున్నా.

"కారు ఎక్కడ ఆపావు?"

"ఇంటి ముందేనండి."

"సెల్లార్‌కి మెట్లెన్ని?"

"తెలీదండి."

"ఇప్పుడే దిగావుగా."

"లెక్కపెట్టలేదండి."

"పదకొండు. పదకొండు మెట్లు నీకు బరువయ్యాయి." గొంతు పెంచలేదు. "నేను ఇరవై రెండేళ్ళు బస్సు తోలాను. వానలో తోలాను, మంచులో తోలాను, మా అమ్మ పోయిన మర్నాడు తోలాను. ఆపని స్టాపు ఆపినట్టు ఒక్కసారి కూడా రాయలేదు. పొద్దున నీ బల్ల ముందు కూచుని తప్పు నాదేమో అని తల దించుకున్నా. చూస్తూ కూచున్నావు."

"క్షమించండి మిస్ వర్డెల్."

"తర్వాత చూద్దాం. ఇప్పుడు నాకు ఖాళీ లేదు, నాకు ఇల్లుంది." నీమాయర్ వైపు తిరిగింది. "వీడిలా ఎన్ని రాశాడు?"

నీమాయర్ చొక్కా మసి దులుపుకుంటూ ఉన్నాడు. ఆగాడు. సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. కె.పి. అక్షరాలున్న ఇళ్ళన్నీ ఆయన మంగళవారమే పట్టీ రాసి పెట్టుకున్నాడు.

"నలభై ఒకటి. మీది తీసేస్తే నలభై. ఇతని ఒప్పుకోలు సోమవారం పొద్దున పై ఆఫీసుకి వెళ్తుంది. వెళ్ళగానే ఆ నలభై ఇళ్ళ పరీక్షా చెల్లదు. నలభై ఉత్తరాలు బయల్దేరతాయి."

"అంటే నా గండం వాళ్ళకి చుట్టుకుంటుందా?"

"సోమవారంలోగా ఎవరైనా వెళ్ళి, ప్రతి సెల్లార్ నిజంగా దిగి, కొలిచి రాసిస్తే, ఉత్తరాల బదులు కొత్త కాగితాలు వెళ్తాయి. నేనొక్కణ్ణయితే ఇరవైకి మించి చూడలేను." నా వైపు చూడకుండానే అన్నాడు. "ఇతను కొలిస్తే నేను మళ్ళీ సరిచూసి సంతకం పెట్టాలి. ఇతని కొలత నేను నమ్మను."

"నమ్మకండి," అన్నాను. "కానీ కొలుస్తాను."

ఆయన వంగి మోకాళ్ళ తొడుగులు విప్పాడు. నా చేతికి ఇచ్చాడు. తేనె సంగతి ఎత్తితే ఎంత హాయిగా ఉండేదో. ఎత్తలేదు.

*

పట్టీలో దగ్గరి ఇల్లు నాలుగు వీధుల అవతల. నాలుగుంపావుకి గంట నొక్కాను. ఆ ఇల్లు చూడగానే గుర్తుపట్టాను. కిటికీలకి పసుపు తెరలు. పోయినేడు ఆ తెరల్ని బట్టే పునాది నిర్ణయించాను.

ఈసారి కిందకి చూశాను. పైకప్పు నీళ్ళ గొట్టం విరిగి, నీళ్ళన్నీ తూర్పు గోడ మొదట్లోకే పడుతున్నాయి. అక్కడ నేల జానెడు లోతు కుంగింది. ఇటుకల్లో ఒక పగులు మెట్లు మెట్లుగా కిటికీ దాకా ఎక్కింది. కార్లో కూచున్నా కనపడేంత పగులు.

తలుపు తీసినావిడకి అరవై అయిదేళ్ళుంటాయి. చేతికి పిండి. మిసెస్ గైటన్ అని పట్టీలో ఉంది.

"మీ సెల్లార్ చూడాలండి. లోను కాగితానికి మళ్ళీ పరీక్ష చెయ్యాలి."

"మళ్ళీనా? మొదటిసారి ఎవరూ రాలేదే. పొద్దస్తమానం ఇంట్లోనే ఉన్నా."

"అవునండి. రావాల్సింది నేనే. రాలేదు."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నా చేతిలో మోకాళ్ళ తొడుగులు, మెడలో నీమాయర్ టేపు. జాలిపడి పక్కకి జరిగింది. లోపల వెన్న కేకు వాసన. సెల్లార్ తలుపు తీసి దీపం వేసింది. కింద నుంచి తడిమట్టి వాసన కొట్టింది.

"తూర్పు గోడ వైపు కొంచెం ఉబ్బినట్టుంటుంది, భయపడకు," అంది వెనక నుంచి. "మా అమ్మాయి కూడా గొడవ చేసింది. నేనే కాగితం తీసి చూపించా. గట్టిదని గవర్నమెంటే రాసిచ్చింది కదా నాయనా? అందుకే మనవల మంచాలు మూడూ కిందే, ఆ గోడకే వేయించా."